ఓడ నమూనాకు ఏ పనిముట్టు, ఏ పద్ధతి? మద్రాసు గాలికి తగిన ఎంపికలు

1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు తీరానికి వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించిన జర్మన్ నౌక ఎమ్డెన్ పొడవు 118 మీటర్లు. ఆ దాడిని గుర్తుచేసే ఫలకం హైకోర్టు ప్రహరీ గోడ దగ్గర ఉంది. ఆ నౌకను 1:700 స్కేలులో, అంటే అసలు పొడవులో ఏడు వందలో వంతుగా, కడితే 17 సెంటీమీటర్లు వస్తుంది, పుస్తకాల అరలో ఇమిడిపోతుంది. 1:350లో కడితే 34 సెంటీమీటర్లు. పొడవు రెట్టింపే గాని డెక్కు వైశాల్యం నాలుగు రెట్లు, అంటే వివరం చూపించడానికి దొరికే చోటూ నాలుగు రెట్లు. ఓడ నమూనా కట్టాలనుకునేవారు మొదట తేల్చుకోవలసింది ఇదే. ఏ కత్తి, ఏ జిగురు, ఏ రంగు అన్నవి దీని తర్వాతే. స్కేలు మారితే పనిముట్ల పెట్టె మొత్తం మారిపోతుంది.

ఇక చెన్నైలో ఉన్నవారు లెక్కలోకి తీసుకోవలసింది మరొకటి ఉంది, అది ఇక్కడి గాలి. ఏడాదిలో చాలా రోజులు ఉదయం పూట తేమ 70 శాతం దాటే ఉంటుంది. చల్లటి పొడి దేశాల్లో ఉండేవారు రాసిన సలహాలను అక్షరాలా పాటిస్తే రంగు తెల్లబారుతుంది, పలకలు విచ్చుకుంటాయి, జిగురు సీసాలోనే గడ్డకడుతుంది. అందుకే ఓడను బట్టి పనిముట్టు, ఊరిని బట్టి జిగురూ రంగూ ఎంచుకోమంటాను.

1:700 లేక 1:350

కొలతలే తీర్పు చెబుతాయి. నౌక అంచున ఉండే మీటరు ఎత్తు రెయిలింగు 1:700లో 1.4 మిల్లీమీటర్లు, 1:350లో దాదాపు 2.9. మనిషి బొమ్మ మొదటిదాంట్లో 2.4 మిల్లీమీటర్లు, రెండోదాంట్లో 4.9. ఎమ్డెన్ మీద ఉన్న 10.5 సెంటీమీటర్ల ఫిరంగి గొట్టం 1:700లో 6 మిల్లీమీటర్లు, 1:350లో 12. ఆరు మిల్లీమీటర్ల గొట్టాన్ని ట్వీజర్లతో పట్టుకుని నిటారుగా అతికించడం వేళ్ళకు ఎంత పరీక్షో, కళ్ళకూ అంతే.

1:700 వైపు ఉన్న బలం ఎంపిక విస్తృతి. 1971లో టామియా, హసెగావా, అవోషిమా, ఫుజిమి అనే నాలుగు జపాన్ సంస్థలు నౌకలను తమలో తాము పంచుకుని నీటిమట్టం వరకే కట్టే కిట్లు (విడి భాగాల పెట్టెలు) తేవడం మొదలుపెట్టాయి. రెండో ప్రపంచయుద్ధ కాలపు జపాన్ నౌకల్లో చెప్పుకోదగ్గవి దాదాపు అన్నీ అందులో దొరుకుతాయి. మన నౌకాదళం మీద మక్కువ ఉన్నవారికి ఒక దారి ఉంది. ఐఎన్ఎస్ విరాట్ ఒకప్పటి బ్రిటిష్ నౌక హెర్మిస్. ఆ హెర్మిస్ కిట్టు 1:700లో 32 సెంటీమీటర్లు వస్తుంది. కిట్టులో ఉన్నది 1982 ఫాక్లాండ్స్ యుద్ధం నాటి రూపం. 1987లో మన చేతికి వచ్చిన తర్వాతి ఫొటోలు పక్కన పెట్టుకుని తేడాలను మార్చుకోవాలి.

మొదటి నమూనాకు నా ఓటు మాత్రం 1:350కే, అదీ చిన్న నౌకకు. యమాటో లాంటి 263 మీటర్ల యుద్ధనౌకను 1:350లో తెచ్చుకుంటే 75 సెంటీమీటర్ల ఓడకు ఇంట్లో బీరువా దొరకదు. డిస్ట్రాయరో, తేలికపాటి క్రూయిజరో తీసుకోండి. ఎమ్డెన్‌ను రెవెల్ సంస్థ ఇదే స్కేలులో తెచ్చింది. ఇంకా సులువు కావాలంటే జలాంతర్గామి. దానికి రెయిలింగులు తక్కువ, తాళ్ళు తక్కువ, అతుకు పూడ్చడం, నునుపు చేయడం, రంగు వేయడం అనే మూడు మూల విద్యలూ అందులోనే వస్తాయి. విశాఖ రామకృష్ణా బీచ్‌లో మ్యూజియంగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా ఫాక్స్‌ట్రాట్ తరగతిది, 91 మీటర్లు. ఆ తరగతి కిట్టు 1:350లో 26 సెంటీమీటర్లు. అసలు నౌక లోపలికీ బయటికీ వెళ్ళి చూసి రాగలిగే అవకాశం నమూనాలు కట్టేవారికి చాలా అరుదుగా దొరుకుతుంది.

ప్లాస్టిక్కా, కొయ్యా

ప్లాస్టిక్ కిట్టులో ఆకారం కిట్టు తయారుచేసినవారిది, ముగింపు మీది. కొయ్య ఓడలో ఆకారం కూడా మీ చేతిదే. వెన్నుపలకకు అడ్డంగా నిలిపిన చట్రాల మీద సన్నటి బద్దలు ఒక్కొక్కటిగా వంచి అతికించాలి. ఒక వైపు బద్ద రెండో వైపు బద్దకు జోడీగా సాగకపోతే ఓడ మెలిదిరుగుతుంది.

కొయ్య మీద మనసుపడ్డవారు చాలామంది నేరుగా పాత బ్రిటిష్ యుద్ధనౌక విక్టరీ కిట్టు కొంటారు. కొనవద్దని గట్టిగా చెబుతాను. 104 ఫిరంగులు, మూడు స్తంభాలు, అసలు ఓడలో 26 మైళ్ళ తాళ్ళు. 1:72లో ముందుకు పొడుచుకొచ్చే కొయ్యతో కలిపి మీటరు దాటుతుంది. ఇలాంటి కిట్లు ఎన్నో ఇళ్ళల్లో సగం పలకలతో అటక మీద ఆగిపోయాయి. ఒకే స్తంభం ఉన్న చిన్న తెరచాప ఓడ కట్టర్ గాని, చేపల పడవ గాని ముందు పూర్తి చేయండి.

కిట్టు లేకుండా సొంతంగా కట్టగలిగినది, మనదైనది ఒకటి ఉంది: మసూలా పడవ. మద్రాసుకు ఓడరేవు లేని రోజుల్లో ఓడలు దూరంగా లంగరు వేసేవి, మనుషులనూ సరుకులనూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చింది ఈ పడవలే. మేకు లేదు, లోపల పక్కటెముకల్లాంటి చట్రం లేదు, పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. అల తాకినప్పుడు పగలకుండా వంగడానికే ఆ కుట్టు. పది మీటర్ల పడవ 1:24లో 42 సెంటీమీటర్లు వస్తుంది. చట్రం లేదు గనుక నమూనాకు లోపలి అచ్చు కావాలి. మెత్తటి కొయ్యను పడవ కడుపు ఆకారంలో చెక్కి, దాని మీద మిల్లీమీటరు మందం పలకలను వంచి, అర మిల్లీమీటరు రంధ్రాలు వేసి కుట్టి, చివర్లో అచ్చును బయటికి తీయాలి. స్తంభం, తెరచాప, తాళ్ళ అల్లిక ఏవీ లేకుండానే కొయ్యపనిలోని సారమంతా నేర్పే ఓడ ఇది.

చేతి పనిముట్లు: డబ్బు ఎక్కడ పెట్టాలి

ఒక్క పనిముట్టు మీదే ఖర్చు పెట్టగలిగితే కిట్టు భాగాలను, అవి అతుక్కుని వచ్చే ఫ్రేము నుంచి కత్తిరించే నిప్పర్ మీద పెట్టండి. మామూలు కటింగ్ ప్లయర్ ప్లాస్టిక్‌ను నలిపి తెంపుతుంది, తెగిన చోట తెల్లటి మచ్చ పడుతుంది. జపాన్‌లో తయారయ్యే ఒంటి అంచు నిప్పర్లు కోసినట్టు తెంపుతాయి, కాని అంచు చాలా పెళుసు. పొరపాటున ఇత్తడి తీగ మీద వాడితే అంతటితో దాని ఆయువు తీరుతుంది. రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్స్ పనికి అమ్మే చదునైన అంచు కట్టర్ వీటి ధరలో చిన్న భాగమే. దాన్ని వాడి, కాస్త దూరంగా కత్తిరించి, మిగిలిన మొటికను కత్తితో తీసేస్తే పని బాగానే జరుగుతుంది. మొదట ఇది కొని, రెండో ఓడకు మంచిది కొనడం నాకు నచ్చిన క్రమం. అప్పుడు పాత కట్టర్ లోహానికి పనికివస్తుంది.

ట్వీజర్లు, దీపం ఉన్న భూతద్దం, సన్నటి సోల్డరింగ్ ఇనుము కూడా ఫోన్లు బాగుచేసేవారి దుకాణాల్లోనే తీసుకోండి. వాళ్ళ పని మన పనికన్నా సూక్ష్మం. ట్వీజర్లు కొనేటప్పుడు మొనలను వెలుతురుకు ఎదురుగా పట్టి మూసి చూడాలి. మధ్యలో సందు కనిపిస్తే వద్దు.

ఆకురాళ్ళు, సన్న రంపం, చిన్న పట్టుకారు కోసం సౌకార్‌పేటలో కంసాలి పనిముట్లు అమ్మే చోటుకి వెళ్ళాలి. కంసాలి రంపానికీ నిటారు రేజర్ రంపానికీ తేడా తెలుసుకోవాలి. రేజర్ రంపం బద్దలను సూటిగా కోయడానికి బాగుంటుంది. కంసాలి రంపం అంచు వెంట్రుకలా సన్నం, ఒక కొసను విప్పి రంధ్రంలోంచి దూర్చి మళ్ళీ బిగించవచ్చు, అందువల్ల పలక మధ్యలో కిటికీ కోయగలదు. కొయ్య ఓడకు రెండూ కావాలి. ప్లాస్టిక్ ఓడకు రేజర్ రంపం ఉంటే చాలు.

హాబీ కత్తికీ శస్త్రచికిత్స కత్తికీ పోటీ పెడితే పని ఏదన్నదే తేలుస్తుంది. సర్జికల్ బ్లేడు పలచన, పదును ఎక్కువ, పక్కకు ఒత్తితే వంగి విరిగిపోతుంది. మూడో నంబరు పిడికి 10, 11, 15 నంబర్ల బ్లేడ్లు సరిపోతాయి, సర్జికల్ దుకాణాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి. మాస్కింగ్ టేపు, పలచటి రేకు కోయడానికి ఇది. ప్లాస్టిక్ మొటికలు చెక్కడానికి, కొయ్య తొలచడానికి గట్టి బ్లేడున్న హాబీ కత్తి. రెండూ కలిపి కొన్నా ఒక భోజనం ఖరీదు దాటదు, కాబట్టి ఎంపిక చేసుకోవలసిన అవసరమే లేదు.

అసలు వివాదం డ్రిల్ దగ్గర ఉంది. కరెంటుతో తిరిగే రోటరీ పనిముట్టు చూడగానే ముచ్చట గొలుపుతుంది. కాని వాటిలో చాలా రకాల కనిష్ఠ వేగమే నిమిషానికి 5,000 నుంచి 10,000 చుట్లు. ఆ వేగానికి పుట్టే వేడికి పాలీస్టైరీన్ ప్లాస్టిక్ తెగదు, కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది. వేళ్ళతో తిప్పే పిన్ వైస్‌లో 0.3 నుంచి 1 మిల్లీమీటరు బిట్లు పెట్టుకుంటే ఓడ కిటికీలు, ఫిరంగి నోళ్ళు, మసూలా పలకల కుట్టు రంధ్రాలు అన్నీ అయిపోతాయి. సర్క్యూట్ బోర్డులకు వాడే బిట్లు ఇందులో సరిపోతాయి, కాకపోతే కార్బైడ్ బిట్టు పక్క ఒత్తిడికి టప్పున విరుగుతుంది, చేతి డ్రిల్‌కు స్టీలు బిట్టే మేలు. రోటరీ పనిముట్టు కొయ్య ఓడ కట్టేవారికే, అదీ చట్రాల అంచులు అరగదీయడానికే అవసరం.

జిగురు

ప్లాస్టిక్‌కు పలచటి ద్రావక జిగురును మించింది లేదు. రెండు భాగాలను జోడించి పట్టుకుని అతుకు దగ్గర కుంచె మొన ఆనిస్తే జిగురు తనంతట తానే సందులోకి పాకుతుంది, ప్లాస్టిక్‌ను కరిగించి ఒకటి చేస్తుంది. ట్యూబులో వచ్చే చిక్కటి జిగురు కన్నా ఎంతో శుభ్రం. ద్రావక జిగురు అతకనివి లోహం, రెజిన్ (ద్రవంగా ఉండి గట్టిపడే మరో రకం ప్లాస్టిక్), కొయ్య. అక్కడ సూపర్ గ్లూ కావాలి.

సూపర్ గ్లూ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. అందుకే చెన్నైలో అది త్వరగా పట్టుకుంటుంది, అంతే త్వరగా సీసాలో పాడవుతుంది. పెద్ద సీసా కొనకండి. చిన్న ట్యూబులు కొని, సిలికా జెల్ పొట్లంతో పాటు మూతగట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. తీసిన వెంటనే మూత విప్పితే చల్లటి సీసా మీద తేమ పడుతుంది, గది వేడికి వచ్చాక విప్పాలి. తేమ ఎక్కువగా ఉన్న రోజున దాని ఆవిరి చుట్టూ తెల్లటి పొడిలా పేరుకుంటుంది, నల్లటి పొగగొట్టం మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఫ్యాను దూరంగా పెట్టి గాలి ఆడనివ్వండి, తీగ మొనతో అతి తక్కువ జిగురు అద్దండి.

కొయ్యకు తెల్ల జిగురే. నీటికి తట్టుకునే మెరైన్ రకం మామూలు రకం కన్నా మేలు, ఎందుకంటే మన గాలిలో మామూలు రకం పూర్తిగా ఆరడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. బద్దలను సూపర్ గ్లూతో అతికించి త్వరగా ముగించేవారు ఉన్నారు. ఆ జిగురు కొయ్యలోకి ఇంకిన చోట వార్నిష్ పట్టదు, మచ్చలు మిగిలిపోతాయి.

రంగు: ఇక్కడ తేమదే పైచేయి

లాకర్ రంగులు, నీటి అక్రిలిక్‌లు, ఎనామిల్‌లు, వీటి మధ్య ఆల్కహాల్ మూలంగా ఉన్న అక్రిలిక్‌లు. నాలుగింటిలో ఏది మంచిదని అడిగితే జవాబు మీ చేతిలో ఉన్నది కుంచా, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రషా అన్నదాన్ని బట్టి, బయట ఉన్నది రోహిణి కార్తె ఎండా, కార్తీక మాసపు వానా అన్నదాన్ని బట్టి మారుతుంది.

లాకర్ పొర పలచనగా, గట్టిగా వస్తుంది, చెక్కిన గీతలను పూడ్చదు. కాని దాని ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ రంగు పొరలోకి దిగి తెల్లబారుస్తుంది. మ్యాట్ వార్నిష్‌లో ఈ బెడద మరీ ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన పడుతున్న రోజున లాకర్ గాని, స్ప్రే డబ్బా గాని ముట్టుకోకండి. తప్పనిసరి అయితే మెల్లగా ఆరే లెవలింగ్ థిన్నర్ కలపండి, ఏసీ గది తేమను తగ్గిస్తుంది గనుక పని అక్కడ చేసుకోండి, ఆవిరి బయటికి పోయే దారి మాత్రం ఉండాలి, ముఖానికి ఆర్గానిక్ ఆవిరులను ఆపే ఫిల్టరు మాస్కు ఉండాలి.

నీటి అక్రిలిక్‌కు వాసన లేదు, చిన్న పిల్లలున్న ఇంట్లో అదే సరి. వేసవిలో దాని గొడవ వేరు. ఎయిర్‌బ్రష్ సూది మొన మీదే ఆరిపోయి చిమ్మడం ఆగిపోతుంది. ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రవం నాలుగు చుక్కలు కలిపితే సరిపోతుంది. ఎనామిల్ నెమ్మదిగా ఆరుతుంది, కుంచె గీతలు వాటంతట అవే సర్దుకుంటాయి. కుంచెతోనే మొత్తం ఓడ రంగు వేయాలనుకునేవారికి ఇప్పటికీ అదే మంచి తోడు. ఎయిర్‌బ్రష్ ఉన్నవారికి నా ఎంపిక ఆల్కహాల్ మూలపు అక్రిలిక్. లాకర్ థిన్నర్‌తో కలిపితే నునుపుగా పరుచుకుంటుంది, తేమకు లాకర్ అంత త్వరగా లొంగదు.

ఎయిర్‌బ్రష్ కొనేటప్పుడు రంగు గిన్నె పైన ఉండే, రెండు కదలికల మీట ఉన్న, 0.3 మిల్లీమీటర్ల నోరు ఉన్నది తీసుకుంటే ఓడ పొట్ట నుంచి పొగగొట్టం మసి వరకు అన్నిటికీ సరిపోతుంది. 0.2 రకం మరీ సన్నటి గీతలకు బాగుంటుంది గాని మన వేసవిలో త్వరగా మూసుకుపోతుంది. కంప్రెసర్ విషయంలో మాత్రం రాజీ వద్దు. గాలి నిల్వచేసే ట్యాంకు ఉన్నదే కావాలి. తేమ గాలిని అదిమితే అందులోంచి నీళ్ళు విడిపోతాయి. ట్యాంకు కొంత పడుతుంది, మిగిలింది గొట్టంలో చల్లబడి బ్రష్ దాకా వచ్చి రంగు మధ్యలో చుక్కగా ఊడిపడుతుంది. కంప్రెసర్ దగ్గర ఉండే ఫిల్టరుతో పాటు బ్రష్ పిడి దగ్గర ఇంకొక చిన్న ఫిల్టరు తగిలించండి. పని అయ్యాక ట్యాంకు అడుగు మర తిప్పి నీళ్ళు వదిలేయండి.

కుంచె మాత్రమే ఉంటే ఓడ ఏ కాలపు రూపంలో కట్టాలో కూడా అదే చెబుతుంది. ఎమ్డెన్ శాంతికాలంలో తెల్లగా ఉండేది, ‘తూర్పు హంస’ అని పేరు కూడా వచ్చింది. యుద్ధానికి బూడిదరంగు వేశారు. తెలుపును కుంచెతో మచ్చ లేకుండా వేయడం అతి కష్టం. మద్రాసుకు వచ్చిన బూడిదరంగు ఎమ్డెన్ అయితే రెండు పలచటి పూతల్లో కప్పేస్తుంది.

ఇత్తడి రేకా, త్రీడీ ముద్రణా

ఆమ్లంతో చెక్కిన పలచటి ఇత్తడి రేకు నిచ్చెనలకు, రెయిలింగులకు, రాడార్ జాలీలకు ఇప్పటికీ సాటిలేనిది. త్రీడీ ప్రింటర్‌లో రెజిన్‌తో అంత సన్నటి ఊచ ముద్రించవచ్చు గాని ముట్టుకుంటే విరుగుతుంది. దానికి బదులు గుండ్రటి, మందం ఉన్న వస్తువులు, అంటే లంగరు యంత్రాలు, పడవలు, ఫిరంగి గోపురాలు, రెజిన్ ముద్రణలో ఎంతో బాగా వస్తాయి. ఇత్తడి రేకు అక్కడ చదునుగా, బొమ్మలా కనిపిస్తుంది. రెండూ పోటీలు కావు, పని పంచుకునేవి.

అపార్టుమెంటులో రెజిన్ ప్రింటర్ పెట్టడం గురించి ఒక మాట. గట్టిపడని రెజిన్ చర్మానికి మంచిది కాదు, కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చేతి తొడుగులు, గాలి ఆడే చోటు కావాలి. ఒక్క ఓడ కోసమైతే ప్రింటర్ కొనకండి, ముద్రించి ఇచ్చేవారి దగ్గర చేయించుకోండి.

రేకు మలచడానికి ఖరీదైన మడత యంత్రం మొదట్లో అవసరం లేదు. గాజు పలక మీద రెండు రేజర్ బ్లేడ్లతో 1:350 భాగాలను చక్కగా మడవవచ్చు. గుండ్రంగా వంచాల్సినదాన్ని ముందు మంట మీద కాస్త వేడిచేసి చల్లారనిస్తే మెత్తబడి మాట వింటుంది. ఫ్రేము నుంచి కోసేటప్పుడు కింద మెత్తటి మ్యాట్ కాకుండా గాజు గాని, టైలు గాని ఉండాలి, లేకపోతే రెయిలింగు అలలా వంగిపోతుంది.

తాళ్ళు

25 మిల్లీమీటర్ల ఇనుప తాడు 1:350లో 0.07 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుకంత. ఎలాంటి కుట్టు దారమైనా దానికి మోకులా ఉంటుంది. కిట్టు ఫ్రేము ముక్కను కొవ్వొత్తి దగ్గర వేడిచేసి సాగదీస్తే ఉచితంగా సన్నటి పోగు వస్తుంది, కాని చెయ్యి తగిలితే తెగుతుంది. సాగే లైక్రా దారం కాస్త ఖర్చు, తగిలినా మళ్ళీ బిగుసుకుంటుంది. దుమ్ము దులపవలసిన ఇంటికి లైక్రానే. కొయ్య ఓడకు నూలు దారం వద్దు. తేమకు అది బిగుసుకుంటూ సడలుతూ ఉంటుంది, తాళ్ళు వేలాడతాయి. నూలులా కనిపించే పాలియెస్టర్ పురిదారం తీసుకుని తేనెమైనం రాస్తే నూగు అణిగిపోతుంది.

కొయ్య రకాలు

మద్రాసు కలప అడితీల్లో మొదట చూపించేది టేకు. అసలు ఓడలకు రాజు, నమూనాకు మాత్రం పనికిరాదు. దాని చార మరీ పెద్దది, 1:72లో ఆ చార చెట్టు మొద్దులా కనిపిస్తుంది, నూనె ఉండటం వల్ల జిగురు కూడా సరిగా పట్టదు. విదేశీ కిట్లలో లైమ్, వాల్‌నట్ బద్దలు వస్తాయి. మనకు ఇంకా మంచివి ఉన్నాయి. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర లేత రంగు, చార కనిపించనంత సన్నం, తరిణె మీద అందంగా తిరుగుతుంది. స్తంభాలకు, కప్పీలకు, ఫిరంగి గొట్టాలకు దీన్నే ఎంచుకుంటాను. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి తేలిక, మెత్తన. ముక్కు దగ్గరా వెనుకా చట్రాల మధ్య పూడ్చడానికి, మసూలా పడవకు లోపలి అచ్చు చెక్కడానికి అది అమరినట్టు మరొకటి అమరదు.

బద్దలను వంచడానికి నొక్కుల పట్టుకారు చవక, కాని అది లోపలి వైపు గాట్లు పెడుతుంది, పైపొరకు వాడకూడదు. నీళ్ళలో నానబెట్టి సోల్డరింగ్ ఇనుము మీద నెమ్మదిగా రాస్తూ వంచితే ఒంపు నిలుస్తుంది. నానిన బద్ద ఉబ్బి ఉంటుంది గనుక ఒంపు తిరిగి పూర్తిగా ఆరిన తర్వాతే అతికించాలి. కొత్త బద్దలను రెండు మూడు వారాలు పని చేసే గదిలోనే విప్పి ఉంచండి. కార్తీకపు తేమలో పలకలన్నీ అతికించి ఓడను ఏసీ గదిలో పెడితే కొయ్య అడ్డంగా ముడుచుకుని ప్రతి అతుకు దగ్గరా సన్నటి చీలిక తేలుతుంది. ఓడ చివరికి ఏ గదిలో ఉండబోతుందో ఆ గదిలోనే పలకలు వేయడం నేను చెప్పగల ముఖ్యమైన సలహా.

పెట్టె

గాజు బరువు, గీతలు పడదు. అక్రిలిక్ తేలిక, పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడి దుమ్మును లాగుతుంది. సముద్రానికి దగ్గర్లో ఉండేవారికి ఏదైనా సరే, పెట్టె తప్పనిసరి. ఉప్పుగాలికి ఇత్తడి నల్లబడుతుంది. పాత కిట్లలో సీసంతో పోసిన ఫిరంగులు, లంగర్లు ఉంటే మరింత జాగ్రత్త కావాలి. కొన్ని కొయ్యలు, పుల్లటి వాసన వచ్చే సిలికాన్ సీలెంటు ఎసిటిక్ ఆమ్లపు ఆవిరిని వదులుతాయి. మూసిన పెట్టెలో ఆ ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. వాసన లేని న్యూట్రల్ సిలికాన్ వాడి, పెట్టె అడుగున దుమ్ము చొరబడని సన్న జాలీతో రెండు గాలి రంధ్రాలు ఉంచండి. సీసపు భాగాలకు బదులు ఇత్తడివో రెజిన్‌వో పెట్టుకునే వీలుంటే కట్టే రోజునే మార్చేయండి, తాళ్ళు కట్టిన తర్వాత ఫిరంగిని బయటికి తీయడం ఎవరి తరమూ కాదు.